ఉత్తరపు మడుగులో రాజుగారి నీడ

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఏలుతున్న సింహమే దాని ఉత్తరపు అంచు ఎన్నడూ చూడనంత పెద్ద అడవిలో, ఒక గొప్ప ఆచారం ఉండేది.

దక్షిణాన రాజుగారి గుహ. ఏటా వేసవిలో ఒక రోజు అక్కడ మిట్టమధ్యాహ్నం ఎవరి నీడ వాళ్ల కిందే అణిగిపోతుంది. ఆ రోజు సభకొచ్చి ఎండలో నిలబడాలి. నీడ పక్కకి రాకపోతే అడవి బిడ్డ. వస్తే పరాయిది. అక్కడ ఎవరికీ రాదు కనక అందరూ నెగ్గేవాళ్లే! నెగ్గి, అదేదో తమ గొప్పన్నట్టు విర్రవీగేవాళ్లే.

ఒక ఏడు ధవళ అనే కొంగ సభలో నోరు విప్పింది.

"ఏలికా, పోయినేడు ఇదే రోజు, ఇదే వేళకి నేను ఉత్తరపు మడుగు దగ్గరున్నా. నా నీడ జానెడు పక్కకి పడింది. సూర్యుడొక్కడే, అదీ ఎంతో దూరాన. నేల చదునైతే నీడలన్నీ ఒకేలా పడాలి కదా? పడట్లేదంటే నేలే వంగి ఉంది, గుమ్మడికాయ వీపులా."

"ఏలికవారి నేల వంకరా? ఎంత పొగరే నీకు!" మంత్రి నక్క గుండెలు బాదుకుంది.

ఆస్థాన పండితుడైన ఎలుగుబంటి కళ్లయినా తెరవకుండా, "శాస్త్రంలో లేదు" అంది. ఏ శాస్త్రమో ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పాలి కదా, పాపం.

నక్క ఆలోచన వేరు. మడుగు నిండా చేపలు. దాని మీద నక్క బావమరిది ఎప్పట్నించో కన్నేశాడు.

"ఏలికా, నీడ పక్కకొస్తుందని తనే ఒప్పుకుంది. అంటే మడుగోళ్లంతా పరాయివాళ్లే! వచ్చే ఏడు పరీక్ష అక్కడే పెడదాం. నీడ కనబడ్డవాణ్ని కనబడ్డట్టే తరిమేద్దాం."

సింహం తల ఊపింది. ఆలోచించడం కన్నా అదే తేలిక.

మరుసటి ఏడు ఆ రోజుకి సభంతా మడుగు గట్టున దిగింది. అక్కడి చెట్టు మీద ధవళ గూట్లో పిల్లలకి ఇంకా రెక్కలు రాలేదు. ఆ పూట తరిమితే తను ఎగిరిపోగలదు, అవి పోలేవు.

మధ్యాహ్నమైంది. "ముందు నువ్వు నిలబడవే, పండితురాలా!" అంది నక్క.

"నిలబడతా బాబాయ్. కానీ మారుమూలవాళ్లం, మాకు పద్ధతులేం తెలుసు? అడవి బిడ్డ ఎలా నిలబడాలో ముందు ఏలికవారే చూపిస్తే నేర్చుకుంటాం."

పొగిడితే సింహం ఆగుతుందా? ఎండలోకొచ్చి, జూలు విదిలించి, ఛాతీ విరుచుకు నిలబడింది.

నీడ ఉత్తరం వైపు జానెడు బయటికొచ్చింది.

"కొంచెం అటు తిరగండి ఏలికా," గొణిగింది నక్క. సింహం తిరిగింది. నీడ ఉత్తరాన్నే ఉంది. "పోనీ, ఇటు?" ఉత్తరమే. "కాస్త కూర్చుంటే..." కూర్చుంది. మృగరాజు చతికిలబడి తన నీడకేసి బిక్కుబిక్కుమంటూ చూస్తుంటే, గట్టు మీద తాబేలు నవ్వాపుకోలేక నీళ్లలో పడింది. తల బయటికి పెట్టి, "మంత్రిగారూ, మొదట ఎవర్ని తరమమంటారు?" అనడిగింది.

సింహం పండితుడి వైపు తిరిగింది. ఎలుగుబంటి ఈసారి కళ్లు తెరిచింది.

"నేల వంగే ఉంది ఏలికా! శాస్త్రం మొదట్లోనే ఉంది."

"ఆ సంగతి ఇప్పుడా చెప్పడం?" అని గర్జించి సింహం నక్క మీదికి దూకింది. పండితుణ్ని కొడితే శాస్త్రం చెప్పేదెవరు మరి! నక్క అటునుంచటే పరారైంది.

పరీక్ష రద్దయింది. ధవళ గూటికెళ్లి పిల్లల నోట్లో చేప పెట్టింది. భూమి వంపు కనిపెట్టినందుకు ఎలుగుబంటికి ఘనంగా సన్మానం జరిగింది.

నీతి: నిజం తెలియడానికి కొంగ నీడైనా చాలు, సభ ఒప్పుకోవడానికి మాత్రం రాజుగారి నీడే పడాలి.