పౌలు రోముకు పోని వైనం

అరవై ఎనిమిదో సంవత్సరంలో ఒక ఆదివారం ఉదయం, ఆరాధన కాగానే, బొంబాయి దగ్గరి నార్పోలిలో నాలుగు మరమగ్గాలకు అధిపతి అయిన సుందర్‌రాజు తలపెట్టిన కార్యక్రమం బహు స్వల్పం: పక్కనున్న టెంఘర్ వెళ్లి, బావమరిది సామ్యేలు ఇంట టీ తాగి, అతని కూతురు రిబ్కాను తన కొడుకు పౌలుకు ఖాయం చేసుకొని, భోజనాల వేళకు తిరిగి రావడం. పౌలుకు ఆ పిల్ల మీద మూడేళ్లుగా మనసు. అందుకే ఉతికిన చొక్కా తొడుక్కొని తండ్రి పక్కన బుద్ధిగా కూర్చున్నాడు.

సామ్యేలు ప్రొటెస్టెంటు సంఘానికి పెద్ద. లాంఛనానికి ఒక్క ప్రశ్న వేశాడు.

"అల్లుడు బొంబాయిల ఏం సదువుతుండు బావా?"

"రెండు కలిపి సదువుతుండు. ఇటాలియన్ ఒకటి, ఫిలాసఫీ ఒకటి." సుందర్‌రాజుకు ఆ మాటల అర్థం తెలియదు గానీ బరువు తెలుసు.

సామ్యేలు కప్పు కింద పెట్టాడు. ఇటలీలో రోము, రోములో పోపు, పోపు కొలువుకు తత్వశాస్త్రం: ఈ మూడు పోగులనూ అరక్షణంలో పేని ఒకే దారం చేశాడు.

"గా రెండు కలిపి సదివేటోళ్లు కేథలిక్ ఫాదర్లే. ఫాదర్లకు పెండ్లి ఉండది. నా బిడ్డనెందుకు అడుగుతున్నవ్?"

అతని భార్య శారమ్మ వంటగది గుమ్మంలోంచి సాక్ష్యం పలికింది. "నేను సూసిన గదా. ఆదివారం పొద్దుమీకి వరాలా తలావ్ గట్టు కాడ కండ్లు మూసుకొని, వేళ్లు లెక్కపెట్టుకుంట గొణుగుతడు. పేరు సుత పౌలే పెట్టిన్రు, బైబిల్ల పౌలు రోముకే పాయె. ఇగ రోముకు పోక యాడికి పోతడు?"

పౌలు వేళ్ల మీద లెక్కించింది ఇటాలియన్ క్రియారూపాలను. ఆ మాట చెప్పేలోగానే మామ సూటిగా అడిగాడు. "పెండ్లి చేసుకుంటవా, లేదా?"

అవునంటే సరిపోయేది. కానీ పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి; నోరు అలవాటు కొద్దీ పలికింది. "అసలు 'నేను' అంటే ఎవరో తేలకుండ ఎట్ల చెప్పాలె మామా?"

ఆ యింట ఆ వాక్యం సన్యాస దీక్షగా స్వీకరింపబడింది.

మధ్యాహ్నానికి, జనం నోట, పౌలు రోముకు టికెట్టు కొన్నాడు. దీపాల వేళకు ఓడ ఎక్కాడు. ఓడ ఎక్కినవాడు మరునాడు ఉదయం షెడ్డులో మగ్గాలకు నూలు కండెలు చుడుతూ కనిపించడం ఎవరి విశ్వాసాన్నీ సడలించలేదు. సంఘం మూడు రోజుల ఉపవాస ప్రార్థన ప్రకటించింది. పక్క షెడ్డు మల్లేశం పరామర్శకు వచ్చాడు.

"రంది పడకు రాజన్నా. మా మేనమామ కొడుకు సుత సన్నాసులల్ల కలిసిండు. రెండేండ్లకు ఆకలై ఇంటికొచ్చిండు."

ఈలోగా సామ్యేలు కల్యాణ్‌లో రిబ్కాకు వేరే సంబంధం చూశాడు. మూడో రోజు ప్రార్థన చివర పౌలును నిలబెట్టి, ఆ రెండు చదువులనూ అందరి ముందూ విసర్జించమన్నాడు. అప్పుడు ఆడవాళ్ల వరుసలోంచి రిబ్కా లేచింది.

"బావా, ఆ రెండే ఎందుకు తీసుకున్నవ్?"

అంతమంది పెద్దలకు మూడు రోజులుగా తోచని ప్రశ్న అది.

"పదకొండు గంటల దాక కండెలు చుట్టనిదే ఇల్లు కదలొద్దన్నడు నాయిన. బస్సు, రైలు పట్టుకొని పోయేసరికి మూడైతది. మూడు తర్వాత ఉన్న క్లాసులు గా రెండే."

సంఘం యావత్తూ సుందర్‌రాజు వైపు తిరిగింది. ఆయన బైబిలు తెరిచి విషయసూచికను మహా శ్రద్ధగా చదవసాగాడు.

"మరి పెండ్లి?" అన్నాడు సామ్యేలు, కాస్త నిరాశగా.

"చేసుకుంట మామా. రిబ్కానే."

"నువ్వెవరో తేలిందా?" అని అడిగి రిబ్కా కూర్చుంది.

ఆ సాయంత్రం సామ్యేలు కల్యాణ్ సంబంధానికి వద్దని కబురు పంపి, సంఘం పుస్తకంలో స్వహస్తాలతో రాశాడు: "ఉపవాస ప్రార్థన వలన ఒక యువకుడు రోము నుండి విడిపింపబడెను." టైంటేబుల్ ప్రస్తావన అందులో లేదు.