మగ్గం మీది ఆపిల్ ముక్కలు

పెద్ద వరద వచ్చాక పదిహేనో ఏడు. గద్వాలలో చీరలు నేసే బక్కయ్య ఆ పొద్దు మగ్గానికి నిలువు పోగుల కొత్త పడుగు ఎక్కించాలనుకున్నాడు. పాత పోగులకు కొత్త పోగులు అతికే నాగేశ్ వచ్చి కూర్చున్నాడు. పడుగెక్కే రోజు మగ్గానికి పండు పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. మగ్గం పలక మీద మూడు గిన్నెల్లో మూడు ఆపిల్ ముక్కలు కనబడేసరికి, కోడలు సంధ్య నైవేద్యం సిద్ధం చేసిందనుకొని బక్కయ్య ఊదుబత్తి వెలిగించాడు. తెల్లగా ఉన్న రెండు ముక్కలు నాగేశ్‌కు పెట్టి, నల్లబడినది తాను నోట్లో వేసుకున్నాడు.

"ఒకటి ఉప్పగున్నది మామా, ఇంకోటి పుల్లగున్నది."

"ప్రసాదం. మింగు."

స్నానం చేసి వచ్చిన మనవరాలు సుహాసిని ఖాళీ గిన్నెలు చూసి అక్కడే కూలబడింది.

"తాతా, అది నా ప్రాజెక్టు. పండు కోస్తే ఎందుకు నల్లబడ్తదో చూపాలె. పదింటికి సార్ చూస్తడు. జిల్లా సైన్సు పోటీకి ఒక్కరినే పంపుతరు."

"ఇంకోటి కొయ్యి."

"ఉన్నదే ఒక్కటి. ఒక ముక్క ఉత్తది, ఒకటి ఉప్పు నీళ్లల్ల, ఒకటి గోలీ నీళ్లల్ల ముంచి పెట్టిన."

నాగేశ్ చేతిలో పోగు ఆగిపోయింది. "ఏం గోలీ?"

అది సి విటమిన్ గోలీ అని ఆ పిల్ల చెప్పేలోపే అతను వెల్లకిలా పడుకున్నాడు. "మామా, కాళ్లు తిమ్మిరెక్కుతున్నయి. మా ఇంటామెకు ఫోన్ చెయ్యండి."

సంధ్య చెంబెడు మజ్జిగ తాగించింది. పక్కింటివాళ్లు ఇంకో చెంబెడు తాగించారు. ఇంతలో సుహాసిని బడి ఆటో వచ్చింది. ముందు దవాఖానకా, ముందు బడికా అని అందరూ అరుచుకుంటుంటే బక్కయ్య వంటింట్లోకి పోయి రెండు వంకాయలు, కత్తి, గుప్పెడు ఉప్పు తెచ్చుకొని, నాగేశ్‌ను, సుహాసినిని ఎక్కించి తానూ ఆటో ఎక్కాడు.

"వంకాయలెందుకు తాతా?"

"ఇవి గూడ నల్లబడ్తయి. మీ అమ్మ కోసి ఉప్పు నీళ్లల్ల ఎందుకేస్తదనుకున్నవ్?"

ముందు దవాఖానకే పోయారు. అక్కడ డాక్టరు సుహాసిని చూపిన గోలీల అట్ట తిప్పి చూసి, "రోజుకొకటి వేస్కో, మంచిదే" అన్నాడు. నాగేశ్ తిమ్మిరి అక్కడికక్కడే దిగిపోయింది. అందరికంటే ముందు అతనే ఆటో ఎక్కి, "జర జల్దీ పోనియ్, పిల్లకు టైమైతుంది" అన్నాడు.

బడిలో సారు కూడా ఆలస్యంగానే వచ్చాడు. పిల్లలు ఇంటి దగ్గర కోసి తెచ్చిన ఆపిల్ ముక్కలు, ఉప్పు రాసినవీ రాయనివీ, ఎండకు ఒక్క రంగుకొచ్చి ఉన్నాయి. సుహాసిని సారు ముందే వంకాయ కోసింది. ఒక ముక్క ఉప్పు నీళ్లలో వేసింది, ఒకటి బయట పెట్టింది. సారు ఆమె పేరు, తరగతి రాసి తలెత్తేసరికి బయటి ముక్క రంగు మారుతున్నది.

"కోసిన చోట గాలి తగిలితే లోపలి రసం రంగు మారుతది సార్. ఉప్పు నీళ్లల్ల మునిగితే గాలి సరిగ తగల్దు."

"పండు గురించి గదమ్మా. వంకాయ పండెట్లయితది?"

"పువ్వు నుంచి కాసింది, లోపల గింజలున్నయి. పండే గద సార్."

సారు నవ్వి జిల్లాకు ఆమె పేరే రాశాడు. కిటికీ అవతల నుంచి అందరికంటే ముందు నాగేశ్ చప్పట్లు కొట్టాడు.

మరునాడు పొద్దున బక్కయ్య కూరగాయల అంగడికి పోయి వంకాయల గంప ముందు కూర్చున్నాడు.

"లేతగున్నయి పెద్దాయనా, కోసినా నల్లబడవు" అంది అమ్మే ఆమె.

"అవి వద్దు. జల్దీ నల్లబడేటివి రెండు కిలోలియ్యి."

ముప్పై ఏళ్లుగా వంకాయలు అమ్ముతున్న ఆమె, మొదటిసారి తన గంపలోకి తానే అనుమానంగా చూసుకుంది.