మేనమామ పట్టుకోవాల్సిన గద్ద విమానం

ఒక పెద్ద అడవిలో, ఉదయం ఆరూ పదికి, ఏదుపంది సూదేశ్వర్రావు ముళ్లు దువ్వుకుంటున్నాడు. ఆ సాయంత్రమే అవతలి కొండమీద మేనకోడలి పెళ్లి. పెళ్లికూతుర్ని బుట్టలో మంటపానికి మోయాల్సిన మేనమామ ఈయనొక్కడే.

రాజధానిలో విమానం మారాలి. అక్కడ రెండు విమానాశ్రయాలు. కొంగలు తూర్పు చెరువు దగ్గర దిగుతాయి, గద్దలు పడమటి గుట్ట మీంచి లేస్తాయి. ఒకటే కడితే ఎవరి పేరు పెట్టాలో మంత్రివర్గంలో తేలలేదు. అందుకని రెండు కట్టి, మధ్యన సరైన రోడ్డు వేయడం మరిచారు.

"ట్రాఫిక్ ఉంటుందేమోనయ్యా?" అని టికెట్ తీసుకున్నప్పుడే సూదేశ్వర్రావు అడిగాడు.

"మూడు గంటల టైముంది గురువుగారూ! మధ్యలో టిఫిన్ కూడా చేయొచ్చు," అని ఏజెంటు ఊసరవెల్లి ఆకుపచ్చలోంచి పసుపులోకి మారింది.

కొంగ గంట ఆలస్యంగా దిగింది. బయట దారంతా దున్నపోతులు. సూదేశ్వర్రావుకి ఏడుపొక్కటే తక్కువ. అంతలో నక్కలు సైరన్ కూశాయి. ఎలుగుబంటి మంత్రిగారి కాన్వాయ్! దున్నలు పక్కకి తప్పుకున్నాయి. సూదేశ్వర్రావు ఆఖరి బండిలోకి ఒక్క గెంతు గెంతాడు.

"ఎవరయ్యా నువ్వు?" అంది లోపలి కోతి.

"మంత్రిగారి సెక్యూరిటీ," అని ముళ్లు నిక్కబొడిచాడు. ఆ ముళ్లు చూశాక ఎవరికీ అనుమానం రాలేదు.

బండ్లు గాలిలా వెళ్లాయి, మొదటి కూడలి దాకా. అక్కడ దండలు. రెండో కూడలిలో తేనె అభిషేకం. మూడో చోట మంత్రిగారు సమయపాలన గురించి ప్రసంగం మొదలెట్టారు. సూదేశ్వర్రావు దిగి, సందులో పడి పరుగెత్తాడు.

గుట్ట ఎదురుగా ఉంది. గద్ద రెక్కలు చాచి ఉంది. ఇంతలో అడ్డంగా ఒక లాఠీ.

"ఆగాగు! మంత్రిగారొస్తున్నారు," అన్నాడు కానిస్టేబుల్ రేచుకుక్క.

"నేను ఆయన కాన్వాయ్‌లోంచే దిగొచ్చానయ్యా!"

"అలాగా? నేను సింహంగారి అల్లుణ్ణి. జరుగు."

"బాబ్బాబు, పెళ్లికూతుర్ని మోయాలి!"

"ఈ ముళ్లతోనా?"

"ఆ పిల్లకీ ముళ్లున్నాయయ్యా!"

కాన్వాయ్ దూసుకుపోయింది. లాఠీ లేచేసరికి, ఇంతసేపూ మంత్రిగారి కోసమే ఆగిన గద్ద ఆకాశంలో చుక్కంత అయింది.

నాలుగు రోజులకి చిలుక వచ్చి చెప్పింది. ముహూర్తం తప్పలేదట. ముఖ్య అతిథిగా వచ్చిన మంత్రిగారే, పాపం మేనమామ రాలేదని, బుట్ట మోశారట. బాధ్యత లేని బంధువుల గురించి నాలుగు మాటలు కూడా చెప్పి వెళ్లారట.

కాబట్టి విమానం కోసం పరుగెత్తడం దండగ. విమానమే మన కోసం ఆగే పదవి చూసుకోవాలి.