‘వస్తానండి’ అంటే ఒప్పుకున్నట్టే

పెళ్ళిళ్ళు స్వర్గంలో నిశ్చయమవుతాయన్నది పాత మాట. ఇప్పుడవి హైదరాబాదులో ఒక ఏసీ గదిలో, రెండు కంప్యూటర్ల ముందు, ఎవరో ఒకాయన సమోసా తింటూ ఉండగా నిశ్చయమవుతున్నాయి. స్వర్గం కంటే ఇదే మేలని నా దృఢమైన అభిప్రాయం. స్వర్గంలో కుదిరిన సంబంధాల సంగతి మనకి తెలియనిదా? పక్కింటి గోడకి చెవి ఆనిస్తే చాలు.

ఆ సమోసా తినే ఆయన్ని ఎడిటరు అంటారు. టీవీలో ప్రేమ పోటీలు పెడుతున్నారు కదా, కొంతమంది అబ్బాయిల్నీ అమ్మాయిల్నీ ఒకచోట చేర్చి, బయటికి వచ్చేలోగా జతలు కట్టి తీరాలంటారు. ఆ కార్యక్రమాలకి ప్రాణం ఆయనే. ఎవరు ఎవర్ని ప్రేమించారో ప్రేమించినవాళ్ళ కంటే ముందు ఆయనకి తెలుస్తుంది. ఒక్కోసారి వాళ్ళకి తెలియకుండానే పని పూర్తవుతుంది.

ఈ మహానుభావులకి ఊరూరా సన్మానం చెయ్యాలని నేను ప్రతిపాదిస్తున్నాను. నవ్వకండి, నిజంగానే అంటున్నాను.

చెప్పడానికి నువ్వెవరివయ్యా అంటారేమో. నా పేరు ధర్మారావు. బందరు కోనేరు సెంటరు దగ్గర రోల్డ్ గోల్డ్ నగల షాపు నాది. రాగి మీద బంగారు పూతతో బతికేవాణ్ణి కాబట్టి పూత పని ఎవరిది బాగున్నా మెచ్చుకునే సంస్కారం నాకుంది.

అసలు మన సంసారాల్లో ఉన్న బాధంతా ఎడిటింగ్ లేకపోవడం వల్లనే కాదూ? మొన్న పొద్దున మా ఆవిడ "మీ అంత తెలివైన మనిషిని నేనెక్కడా చూళ్ళేదండీ, పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఎదురుగా కూర్చుని పేపరు చదువుతున్నారు" అంది. రెండో ముక్క కత్తిరించి, మొదటి ముక్క వెనక కాస్త వీణ వాయిస్తే మాది ఎంత అన్యోన్య దాంపత్యం! మా లైన్‌మన్ ఫోనులో "కరెంటు ఇప్పుడే వస్తుంది అనుకోమాకండి" అంటాడు. చివరి మాట ఒక్కటి తీసేస్తే పేటంతా ఆశగా ఎదురుచూడదూ?

నిజంతో వచ్చిన చిక్కే అది. ఎప్పుడు చూసినా ఒకటి రెండు మాటలు ఎక్కువే ఉంటాయి. వాటిని ఏరి పారేసే మనిషి కావాలి.

ఈ జ్ఞానం నాకు ‘జతకాలం’ అనే కార్యక్రమం చూశాక కలిగింది. అందులో మా షాపులో పనిచేసే వీరదుర్గ పాల్గొంది.

వీరదుర్గది గిలకలదిండి. తండ్రి కోటయ్య బోటు మీద వేటకి వెళ్తాడు. తల్లి కనకరత్నం ఎండుచేపలు అమ్ముతుంది. పిల్ల డిగ్రీ అయ్యాక మా కౌంటరులో చేరింది. మంచి మాటకారి. చెవి దగ్గర పెట్టి చూపించిందంటే ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళు కూడా బుట్టకమ్మలు కొనుక్కుని వెళ్తారు. మనుషుల కోసం ఊళ్ళు తిరుగుతున్న టీవీ వాళ్ళు అది చూసే ఆమెని పట్టుకున్నారు.

"డేటింగ్ కాదు సార్, పరిచయ కార్యక్రమం. నచ్చితే సరే, నచ్చకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్యడమే" అని నాకూ కనకరత్నానికీ నచ్చజెప్పారు. పిల్లకి కూడా టీవీలో కనపడాలని సరదాగా ఉంది. అందులో తప్పేముంది? ఆ వయసులో ఎవరికి ఉండదు?

షూటింగు పాలకాయతిప్ప బీచిలో పెట్టారు. అక్కడున్న సరుగుడు చెట్లు ప్రేమకి పనికిరావట. లారీలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు తెప్పించి ఇసకలో పాతారు. దివిసీమలో కొబ్బరిచెట్లు దొరకవు కాబోలు, పాపం.

ఇక లోపలి పనితనం వినండి. ఏడుపు కావాల్సిన రోజున మధ్యాహ్నం భోజనం ఆపేస్తారట. ఆకలి మీదున్న మనిషిని ఒక చిన్న గదిలో కెమెరా ముందు కూర్చోబెట్టి ఇంటి సంగతులు తియ్యగా అడుగుతారట. ఆ గది పేరు మనసు గది. అన్నం పెట్టని గదికి అంత చక్కని పేరు ఎవరు పెట్టారో గాని, వాళ్ళకి కూడా ఒక శాలువా కప్పాలి.

"మీ నాన్నగారు వేటకి వెళ్తే నీకెలా ఉంటుంది?" అని అడిగిందట సునీత గారు. ఆవిడ ఆ కార్యక్రమానికి క్రియేటివ్ హెడ్.

"ఆయనొచ్చేదాకా అన్నం సయించదండీ. బయట చెప్పుల చప్పుడైతే ఆయనేనేమో అని లేచి చూస్తా" అని చెప్పి వీరదుర్గ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

టీవీలో ఆ ప్రశ్న రాలేదు. నాన్న కూడా రాలేదు. ‘ఆయనొచ్చేదాకా అన్నం సయించదండీ’ అని పిల్ల ఏడుస్తుంటే, చొక్కా లేకుండా సముద్రంలోంచి నడిచొస్తున్న దుర్గాశ్రీనివాస్ కనిపించాడు.

ఈ దుర్గాశ్రీనివాస్‌ది గుడివాడ. తండ్రి ప్రకాశరావు గారికి రైస్ మిల్లుంది. పేరు పొడుగైందని టీవీ వాళ్ళు అతన్ని ‘డ్యూక్’ని చేశారు. దుర్గమ్మకి మొక్కుకుంటే పుట్టిన బిడ్డ డ్యూక్ అయిపోయాడు! కుర్రాడు మంచివాడే. నడిచి రమ్మన్నారు, నడిచి వచ్చాడు. ఎవరి కన్నీళ్ళ మీదుగా నడుస్తున్నాడో అతనికి మాత్రం ఏం తెలుసు?

ఇది మోసం కదా అని కొందరు పాఠకులు ముఖం చిట్లిస్తారు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమని పెద్దలే అన్నారే! వీళ్ళు ఒక్క అబద్ధం ఆడకుండా చేస్తున్నారు. పెద్దల కంటే వీళ్ళే నయం కాదా?

చివరి రోజు ఘట్టానికి వద్దాం. సూర్యాస్తమయం వేళ డ్యూక్ ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని "నాతో వస్తావా వీరా?" అని అడిగాడు. వీరదుర్గ రెండు చేతులూ జోడించి, "మీరు మంచివారేనండి. కానీ నాకు ఇష్టం లేదండి. ఏమనుకోమాకండి. వస్తానండి" అని వెనక్కి తిరిగి నడిచి వచ్చేసింది. ఇంతకంటే మర్యాదగా ఎవరైనా కాదనగలరా?

టీవీలో ఇలా వచ్చింది. "నాతో వస్తావా వీరా?" ఒక కెరటం. "మీరు మంచివారేనండి." ఇంకో కెరటం. జోడించిన చేతులు. "వస్తానండి." ఆ వెంటనే ఆకాశమంతా బాణసంచా. మధ్యలో ఉన్న మాటలు సముద్రంలో కలిసిపోయాయి. కృష్ణా నదే కలిసిపోయే చోటు కదా, నాలుగు మాటలు కలవడం ఒక లెక్కా?

మనలో వెళ్ళేవాళ్ళు వెళ్తానని అనరు. వస్తాననే అంటారు. వేటకి వెళ్ళే ఇళ్ళల్లో ఈ పట్టింపు మరీ ఎక్కువ. కోటయ్య వల భుజాన వేసుకుని "వస్తానే" అంటాడు. "ఎళ్ళిరా మావా" అంటుంది కనకరత్నం. ఆ చివరి ‘రా’ ఏనాడూ మరిచిపోలేదని ఆవిడే నాతో చెప్పింది. వీరదుర్గ పుట్టి పెరిగింది ఆ ఇంట్లో. నచ్చనివాడి దగ్గర సెలవు తీసుకున్నా ఆ పిల్ల నోట వచ్చేది అదే మాట.

వస్తానండి అనడం ఒప్పుకోవడమే అయితే, వీరదుర్గ మా ఎదురుగా ఉన్న టైలరు దేవదానం గారికీ, చల్లపల్లి బస్సు కండక్టరుకీ, పళ్ళ డాక్టరు గారికీ కూడా మాటిచ్చినట్టే. నాకైతే రోజూ సాయంత్రం "వస్తానండి బాబాయిగారూ" అంటుంది. కృష్ణా జిల్లా మొత్తం ఒకరికొకరు నిశ్చయమైపోయి ఉన్నామన్నమాట. ఇన్నాళ్ళూ మనకి ఈ సంగతి తెలియకపోవడం ఎంత అజ్ఞానం!

ప్రసారమైన మర్నాడే గుడివాడలో ‘డ్యూక్ వెడ్స్ వీరా’ అని ఫ్లెక్సీ వెలిసింది. ఆ వారంలోనే ప్రకాశరావు గారు పళ్ళూ పూలూ పట్టుకుని, కొడుకుని వెంటబెట్టుకుని గిలకలదిండి వచ్చారు. నన్ను కూడా పిలిచారు కాబట్టి నేనూ ఉన్నాను.

"నేను ఆ రోజే కాదన్నానండి" అంది వీరదుర్గ.

"అదేంటమ్మా, ఊరంతా చూసింది కదా" అన్నారు ఆయన. పాపం, కోపంగా కూడా అనలేదు.

నేను కుర్రాడి వైపు తిరిగాను. "బాబూ, నువ్వు ఎదురుగానే ఉన్నావు కదా. ఏమంది?"

"కాదందండి" అన్నాడు దుర్గాశ్రీనివాస్. "కానీ టీవీలో చూశాక నాకే డౌటొచ్చిందండి. నేనే సరిగ్గా వినలేదేమో అనిపించింది."

విన్నారా? ఎదుట నిలబడి చెవులారా విన్నవాడు కూడా తన చెవుల్ని కాదని టీవీని నమ్మాడు. ఇంతటి భక్తి దేవుడికైనా దక్కుతోందా? ఆ తండ్రీకొడుకులు పళ్ళు అక్కడే పెట్టేసి తలదించుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత బందరులో వీరదుర్గకి ఒక పేరు స్థిరపడింది. టీవీలో ఒప్పుకుని ఇంట్లో కాదన్న పిల్ల. మాట మీద నిలబడని పిల్ల. షాపుకి వచ్చిన ఒక పెద్దమనిషి గాజులు చూస్తూ, ఆమెకి వినపడేలా, "ఈ పూతా, మీ అమ్మాయి మాటా, రెండింట్లో ఏది ఎక్కువ కాలం ఉంటుందండీ?" అని నన్నడిగాడు. గాజులు లోపల పెట్టేసి, మా దగ్గర మీకు సరిపడేవి లేవని చెప్పి పంపేశాను. కానీ ఆ రోజు నుంచి వీరదుర్గ కౌంటరులో నోరు విప్పడం మానేసింది. ధర అడిగితే చీటీ చూపిస్తుంది.

నాతో మాత్రం ఒక్క మాట అంది. "నేను కాదన్నానని ఒక్కసారి చూపిస్తే చాలు బాబాయిగారూ. ఇంకేం వద్దు."

సునీత గారికి ఫోను చేశాను. ఆవిడ చాలా ఓపికగా మాట్లాడింది. "సార్, ఆ అమ్మాయి అనని మాట ఒక్కటి కూడా మేం వెయ్యలేదు. ప్రతి మాటా తన నోటితో అన్నదే."

"అన్నవన్నీ వెయ్యలేదు కదమ్మా" అన్నాను.

"మీరు అమ్మేది రోల్డ్ గోల్డే కదా సార్?" అంది ఆవిడ, నవ్వుతూనే.

"అవునమ్మా. డబ్బా మీద రోల్డ్ గోల్డ్ అనే రాసుంటుంది."

"మాకూ రాసుంటుంది సార్, వినోదం కోసం కొన్ని మార్చామని. చివర్లో, చిన్న అక్షరాలతో వెళ్ళిపోతుంది."

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మాత్రం, అమ్మాయి వైపు సంగతి కూడా చూపిస్తామనీ, ఇంటికొచ్చి తల్లితో మాట్లాడి స్పెషల్ ఎపిసోడ్ వేస్తామనీ అంది. కాదన్నది కూడా వేస్తారా అంటే, "అన్నీ వేస్తాం సార్" అంది. నేను నమ్మి కనకరత్నం వాళ్ళకి చెప్పాను.

వచ్చారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. కనకరత్నం పొయ్యి మీద కూర పెట్టి ఉంది. మనుషులు గుమ్మంలోకి రాగానే పొగకి కారుతున్న కళ్ళు కొంగుతో తుడుచుకుంటూ, "రండి, రండి, లోపలికి రండి" అంది. కెమెరా అప్పటికే తిరుగుతోందని ఆవిడకి తెలియదు. కుర్చీలు వేసింది, మజ్జిగ ఇచ్చింది.

కూర్చున్నాక సునీత గారు కూతురు కాదన్న సంగతి ఎత్తనే లేదు. "అల్లుడొస్తే ఏం వండుతారమ్మా?" అని అడిగింది. వీరదుర్గ తలుపు పక్కన నిలబడి వింటోంది.

కనకరత్నం లేచి నిలబడింది. "ఎళ్ళండి" అంది.

అంతే అంది. ఎళ్ళి రండి అనలేదు. ఇంటికొచ్చిన మనిషితో, అందులోనూ ఆ ఇంట్లో, ఆ మాట అలా సగంలో ఆపడం ఎంత పెద్ద సంగతో ఆ గదిలో మా ముగ్గురికే తెలుసు. కెమెరా పట్టుకున్న ఆయన "ఇంకోసారి అనండమ్మా, చెయ్యి అడ్డొచ్చింది" అన్నాడు. ఆవిడ ఇంకోసారి అంది.

స్పెషల్ ఎపిసోడ్ పేరు ‘అత్తగారి ఆహ్వానం’. దుర్గాశ్రీనివాస్ కారు దిగుతున్నట్టు ఎక్కడిదో పాత ముక్క చూపించారు. తర్వాత కళ్ళు తుడుచుకుంటున్న కనకరత్నం. "రండి, రండి, లోపలికి రండి." ఆవిడ మింగేసిన ‘రండి’ని గుమ్మం దగ్గర నుంచి ఏరుకొచ్చి పెట్టారు. ఆవిడ అన్న ‘ఎళ్ళండి’ మాత్రం ఎక్కడా కనపడలేదు. ఎంత పొదుపు, ఎంత పనితనం!

ఆ మర్నాడు సాయంత్రం నేను షట్టరు దించుతుంటే వీరదుర్గ సంచీ తీసుకుని, "వెళ్తున్నానండి బాబాయిగారూ" అంది.

నేను షట్టరు సగంలో వదిలేశాను. "వెళ్ళిరా అమ్మా" అన్నాను. ఆమె తల కూడా ఎత్తకుండా బస్సు స్టాపు వైపు నడిచింది.

కాబట్టి పాఠకులారా, సన్మానం సంగతి మరిచిపోకండి. శాలువా నాది. ముఖ్య అతిథి కనకరత్నం, ఆవిడ మాట్లాడేది ఒక్క మాటే కాబట్టి సభ త్వరగా ముగుస్తుంది. ఈ లోపు ‘జతకాలం’ వాళ్ళకి ప్రశంసాపత్రం కావాలంటే ఈ వ్యాసంలో మొదటి మూడు పేరాలు కత్తిరించి వాడుకోవచ్చు. అందులో నేను అనని మాట ఒక్కటి కూడా లేదు.

మామూలుగా అయితే ఇక్కడ నేను వస్తానండి అని ముగించాలి. ఆ మాట మా వీరదుర్గ నోటికి మళ్ళీ వచ్చేదాకా నేను కూడా అనదలుచుకోలేదు.

వెళ్తున్నాను.