పెద్దక్క కోసం ఉపవాస ప్రార్థన

ఆదివారం ఆరాధనలో ప్రకటనల సమయానికి సంఘ కార్యదర్శి లేచి, కళ్లజోడు సవరించుకుని, పెద్దక్క ఆరోగ్యం ఏమాత్రం బాగోలేదని, దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగిందని, కాబట్టి శుక్రవారంనాడు సంఘమంతా ఉపవాసముండి ఆమె కోసం ప్రార్థించాలని పాస్టరుగారి తరఫున విజ్ఞప్తి చేశాడు. మందిరంలో నిట్టూర్పులు వినిపించాయి. స్త్రీల సమాజం అధ్యక్షురాలు చేతిరుమాలు బయటికి తీసింది.

పెద్దక్క అనే మనిషి లేదు. వారపత్రికలో వస్తున్న ఒక సీరియల్లో పాత్ర. ఆ సంగతి కార్యదర్శికి తెలుసు, సంఘానికి తెలుసు, దేవుడికి ఎటూ తెలుసు. అయినా ముగ్గురిలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

నాలుగో వరసలో కూర్చున్న రచయిత మాత్రం పాటల పుస్తకంలో తల దూర్చాడు. పెద్దక్కను పుట్టించింది ఆయనే. అంతేకాదు, ఆమెను చంపేసిన అధ్యాయం అప్పటికే ఆయన చేతిసంచిలో ఉంది. మర్నాడు పొద్దున పత్రికకు ఇచ్చెయ్యాలి.

రచయిత భక్తిపరుడు. రోజూ పొద్దున్నే మోకరించి, "ప్రభువా, ఈరోజుకి ఓ నాలుగు పేజీలు దయచెయ్యి" అని వేడుకునేవాడు. ప్రభువు ఒకటిన్నర దయచేసేవాడు. మిగతావాటి కోసం మళ్లీ మోకరించేవాడు. "మోకాళ్ల మీద ఉన్నంతసేపు కుర్చీలో ఉంటే ఈపాటికి నవల అయిపోయేది" అనేది ఆయన భార్య. ఆవిడా భక్తిపరురాలే, కాకపోతే గిన్నెలు తోముకుంటూ ప్రార్థన చేసుకునే రకం.

సంఘంలో మొదట్లో ఆయనకు చెప్పుకోదగ్గ గౌరవం ఉండేది కాదు. జరగనివి జరిగినట్టు రాయడం అబద్ధమాడటం కిందికి వస్తుందా రాదా అని పెద్దల కూటంలో ఒకసారి సుదీర్ఘంగా చర్చ జరిగింది. వస్తుందనీ, అయితే ఆయన పారితోషికంలో దశమభాగం క్రమం తప్పకుండా సమర్పిస్తున్నాడు గనుక అంతగా రాదనీ తీర్మానించారు. ఆ తరవాత ఒకనాడు పాస్టరమ్మగారు పళ్ల డాక్టరు దగ్గర తన వంతు కోసం ఎదురుచూస్తూ, అక్కడ పడి ఉన్న వారపత్రిక తిరగేశారు. ఆ వారమే పెద్దక్క తన పెళ్లి మానుకుని, తమ్ముళ్ల చదువుల కోసం బట్టల మిల్లులో చేరింది. పాస్టరమ్మగారు పన్నునొప్పి మరిచిపోయారు. పత్రిక చేతులు మారింది. చూస్తుండగానే సంఘమంతా పెద్దక్క మనుషులైపోయారు. పెద్ద తమ్ముడు ఆమెను ఇంట్లోంచి పొమ్మన్న వారం, గాయక బృందంలో మగవాళ్లెవరికీ ఇంట్లో వేళకు కాఫీ దొరకలేదు.

ఇంతకూ ఆ దగ్గు పెద్దక్కది కాదు. రచయిత ఇంటి పై అంతస్తులో ఉండే అత్తయ్యది.

అత్తయ్య అంటే చుట్టం కాదు. ఇరుగుపొరుగు అందరూ అలాగే పిలిచేవారు. ఆవిడ టైలరు. గాయక బృందం వేసుకునే తెల్లటి అంగీలన్నీ ఆవిడ కుట్టినవే. మందిరంలో తలుపు పక్కన చివరి బల్ల మీద కూర్చునేది. ఆలస్యంగా వచ్చినవాళ్లకు జరిగి చోటిచ్చేది. చలి మొదలైన దగ్గర్నుంచి మంచం పట్టింది.

రచయిత రాతబల్ల సరిగ్గా ఆవిడ మంచానికి కింద ఉంది. పైనుంచి దగ్గు వినిపించేది. ముందు పొడి దగ్గు, తరవాత కాస్త విరామం, ఆ తరవాత ఊపిరి అందుకోవడానికి ఈల వేసినట్టు సన్నటి చప్పుడు. రచయిత చెవులు రిక్కించి విని, విన్నది విన్నట్టు పెద్దక్క గొంతులో పెట్టాడు. సంపాదకుడు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. "దగ్గును ఇంత సహజంగా రాసినవాళ్లు మన భాషలో లేరండీ. చదువుతుంటే నాకే గొంతులో గరగరమంది. ఇక చంపెయ్యండి. కానీ నెమ్మదిగా."

ఒకరోజు పైనుంచి దగ్గు వినిపించలేదు. రచయితకు కంగారు పుట్టింది. అధ్యాయం సగంలో ఉంది. గబగబా మెట్లెక్కి వెళ్లాడు. అత్తయ్య దిండుకు ఆనుకుని, ఎవరి జాకెట్టుకో గుండీలు కుడుతోంది.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"ఇవాళ కాస్త నయంగా ఉంది బాబూ."

ఆయన ముఖం వాడిపోయింది. ఆవిడ అది జాలి అనుకుంది.

"కూర్చో నాయనా. నన్ను చూడ్డానికి నువ్వొక్కడివే వస్తున్నావు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

ఆ దీవెన రచయితకు ఎక్కడో గుచ్చుకుంది. కూర్చోకుండానే కిందికి దిగి వచ్చాడు. ఆ పూట ప్రభువు ఆయనకు అర పేజీ కూడా దయచెయ్యలేదు.

అయినా అధ్యాయం ఎలాగో పూర్తయింది, పెద్దక్క కన్నుమూసింది, కాయితాలు సంచిలోకి వెళ్లాయి. సరిగ్గా ఆ ఆదివారమే కార్యదర్శి ఉపవాస ప్రార్థన ప్రకటించాడు. సోమవారంనాడు సంచి ఇంట్లోంచి కదల్లేదు. రచయితకు ఒంట్లో బాగోలేదని భార్య పత్రికవాళ్లకు ఫోన్ చేసి చెప్పింది. అది అబద్ధం కాదు.

శుక్రవారం ప్రార్థన దివ్యంగా జరిగింది. బ్యాంకు గుమాస్తా పెద్దక్క ఊపిరితిత్తుల కోసం ప్రార్థించాడు. గాయక బృందం నాయకుడు ఆమె తమ్ముళ్ల మారుమనస్సు కోసం ప్రార్థించాడు. ఒక ముసలాయన, "ప్రభువా, ఈ జబ్బుకు మూలమైన ఆ రచయిత హృదయాన్ని కరిగించు" అని కన్నీళ్లతో వేడుకున్నాడు. రచయిత ఆయన పక్కనే ఉన్నాడు. అందరితోపాటు ఆమెన్ అన్నాడు.

శనివారం సాయంత్రం పాస్టరుగారు, కార్యదర్శి, స్త్రీల సమాజం అధ్యక్షురాలు ఒక బుట్ట నిండా పళ్లు పట్టుకుని రచయిత ఇంటికి వచ్చారు. రోగులను పరామర్శించడం క్రైస్తవ ధర్మమని పాస్టరుగారు కుర్చీలో కూర్చుంటూనే సెలవిచ్చారు.

"సంఘం పెద్దక్కకు పంపించింది" అంటూ అధ్యక్షురాలు బుట్ట బల్ల మీద పెట్టింది.

"ఆమెకు ఎలా ఇవ్వనండీ?" అన్నాడు రచయిత.

"వచ్చే వారం రాయండి. ఎవరో తెలియనివాళ్లు పళ్లు పంపించారని. మా పేర్లు అక్కర్లేదు. సంఘం పేరు వేస్తే చాలు."

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "రచయితగారూ, మీ కలం ప్రభువు చేతిలో ఉంది. పెద్దక్క ప్రాణం మీ కలంలో ఉంది. ఆమెకు ఏమన్నా అయితే విశ్వాసంలో బలహీనంగా ఉన్నవాళ్లు తొట్రుపడతారు. ప్రార్థించినా ఫలితం లేదనుకుంటారు. ఆ భారం మీ మీద పడకూడదని మా కోరిక."

ఇంతలో పైనుంచి దగ్గు వినిపించింది. పొడి దగ్గు, విరామం, సన్నటి ఈల. అధ్యక్షురాలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"విన్నారా? అచ్చం పెద్దక్క దగ్గినట్టే ఉంది" అంది.

టీ కప్పులు తెస్తున్న రచయిత భార్య ఆగింది. "అది పైన అత్తయ్యండీ. మన సంఘమే. మీ గాయక బృందం అంగీలు కుట్టిన ఆవిడ. చలి మొదలైనప్పటి నుంచి మంచం మీదే ఉంది."

"అలాగా" అంది అధ్యక్షురాలు. "చివరి బల్ల ఖాళీగా ఉంటోందేమిటా అనుకుంటున్నాను."

"గైర్హాజరు ఎక్కువగానే ఉంది. ఒకసారి మాట్లాడాలి" అన్నాడు కార్యదర్శి. తరవాత టీ బాగుందని మెచ్చుకుని, పెద్దక్కను ఏ డాక్టరుకు చూపిస్తున్నారని రచయితను అడిగాడు.

వాళ్లు గుమ్మం దాటగానే రచయిత భార్య బుట్ట చంకన పెట్టుకుంది.

"ఎక్కడికి?"

"పెద్దక్కకు ఇచ్చొస్తాను. మీరు రాసినావిడకి కాదు, మీరు చూసి రాసుకున్నావిడకి."

రచయిత లేచి టాక్సీ పిలిచాడు. అత్తయ్య వద్దంటున్నా వినకుండా భార్యాభర్తలిద్దరూ ఆవిడను చెరో పక్క పట్టుకుని మెట్లు దించి ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ముఖం చిట్లించాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నాడు.

"ఇంట్లో దగ్గు వినిపిస్తూనే ఉంటుంది కదండీ. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?" అని అడిగాడు.

రచయిత దగ్గర నిజమైన జవాబు ఉంది. డాక్టరుకు చెప్పదగ్గది కాదు.

ఇంటికి వచ్చి చావు అధ్యాయం చించేసి కొత్తది రాశాడు. అందులో పెద్దక్క తనను చూడ్డానికి వచ్చినవాళ్లతో మంచం మీదనుంచే అంటుంది: "నన్ను చూసింది చాలమ్మా. ఆ పై అంతస్తులో బట్టలు కుట్టుకునే అత్తయ్య ఉంది. ఒంటరి మనిషి. వెళ్లి ఆమెను చూడండి." ఇంతకంటే విడమరిచి చెప్పాలంటే తలుపు నంబరు వెయ్యాలి. రాసినంతసేపూ రచయితకు ఒళ్లు పులకరించింది. ఈసారి ప్రభువు అడక్కుండానే అన్ని పేజీలూ ఇచ్చాడు.

ఆ అధ్యాయం అచ్చయిన వారం మందిరంలో ఏడవనివాళ్లు లేరు. పాస్టరుగారు ప్రసంగమంతా దానిమీదే చేశారు. తన బాధ మరిచి పరాయి మనిషి గురించి ఆలోచించిన పెద్దక్కను ప్రతి ఇంట్లోనూ ఆదర్శంగా పెట్టుకోవాలన్నారు. అనంతరం కార్యదర్శి లేచి, ఇకనుంచి ప్రార్థనల్లో పెద్దక్కతోపాటు పై అంతస్తు అత్తయ్యను కూడా జ్ఞాపకం చేసుకోవాలని ప్రకటించాడు.

రచయిత గుండె ఆనందంతో ఎగిరింది. ఆరాధన కాగానే అధ్యక్షురాలు ఆయన దగ్గరికి పరుగున వచ్చింది.

"ఆ అత్తయ్య ఎంత బాగుందండీ. ఉన్న నాలుగు ముక్కల్లోనే మనసు దోచేసింది. వచ్చే వారం ఆమెను కాస్త ఎక్కువసేపు చూపించండి. అంత మంచి పాత్ర మీ బుర్రకు ఎలా తట్టిందండీ?"



రచయిత వారమంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. మరుసటి ఆదివారం, ఎవరి అనుభవాలు వాళ్లు సంఘం ముందు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాడు.

"పెద్దక్క లేదండీ" అన్నాడు. "ఆమెను నేనే కల్పించాను. పై అంతస్తు అత్తయ్యను మాత్రం కల్పించలేదు. ఆవిడ ఉంది. మా ఇంటి మీదే ఉంది. ఈ మందిరంలో ఆ చివరి బల్ల మీద ఏళ్ల తరబడి కూర్చుంది. ఆవిడ దగ్గుతుంటే నేను కింద కూర్చుని రాసుకున్నాను. రాసినన్నాళ్లూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని తోచలేదు. నన్ను క్షమించమని దేవుణ్ని అడిగాను. మీరూ ఒకసారి వచ్చి ఆవిణ్ని చూడండి. ఇది కథ కాదు."

పాస్టరుగారు మెల్లగా లేచి వేదిక దిగి వచ్చి రచయిత భుజం మీద చెయ్యి వేశారు.

"స్తోత్రం. ప్రియులారా, కళాకారుడంటే ఇతడు. రాసినా అలాగే ఉంటుంది, నోటితో చెప్పినా అలాగే ఉంటుంది. నేనైతే ఒక్క క్షణం నిజమే అనుకున్నాను."

చప్పట్లు మారుమోగాయి. రాబోయే అధ్యాయాన్ని పత్రికకంటే ముందు సంఘానికే వినిపించినందుకు కార్యదర్శి ధన్యవాదాలు తెలిపాడు. ఇంటికి వెళ్లేదారిలో భార్య రచయిత చెయ్యి పట్టుకుని, "మందులు పని చేస్తున్నాయిలెండి. పొద్దున అత్తయ్య రెండు బ్రెడ్డు ముక్కలు తింది" అంది.

అత్తయ్య నిజంగానే కోలుకుంది. చలి తగ్గాక ఒక ఆదివారం, రచయిత భార్య ఆసరాగా పట్టుకోగా, నెమ్మదిగా నడుచుకుంటూ మందిరానికి వచ్చింది. చిక్కిపోయి ఉంది. గుమ్మం దగ్గర కార్యదర్శి ఆవిణ్ని ఆపాడు.

"ఏమమ్మా, బొత్తిగా కనిపించడం మానేశావు. దేవుణ్ని మరిచిపోయావా?"

"ఒంట్లో బాగోక మంచం పట్టానండీ."

కార్యదర్శి నిజంగా నొచ్చుకున్నాడు. "మరి మాకు ఒక్క మాట చెప్పొద్దా? చెప్పుంటే ప్రార్థన చేసేవాళ్లం కదమ్మా."

"పొరపాటైందండీ" అంది అత్తయ్య. వెళ్లి చివరి బల్ల మీద కూర్చుంది. ఆలస్యంగా వచ్చిన ఒకామెకు జరిగి చోటిచ్చింది.

సీరియల్ ముగిశాక రచయిత ఈ వ్యవహారమంతా ఉన్నదున్నట్టు రాసి, అదే పత్రికకు పంపించాడు. పాస్టరుగారిని వదల్లేదు, కార్యదర్శిని వదల్లేదు, తనను తాను అసలే వదల్లేదు. సంపాదకుడు ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు.

"అద్భుతంగా ఉందండీ. నవ్వలేక చచ్చాను. ఒక్కటే ఇబ్బంది. ఆ పై అంతస్తు అత్తయ్యను తీసెయ్యాలి."

"ఎందుకండీ?"

"నమ్మేట్టు లేదండీ. అంత సంఘం ఉండగా, చుట్టూ అంతమంది మనుషులుండగా, మంచంలో ఉన్న మనిషిని ఒక్కరూ తొంగిచూడకుండా ఉంటారా? ఎక్కడన్నా జరుగుతుందా? మన పాఠకులు అస్సలు ఒప్పుకోరు. మన పాఠకులు అలాంటివాళ్లు కారు."

ఆయన అన్నది మీ గురించే. రచయిత మిమ్మల్ని ఎరగడు గనుక వాదించలేదు.