ముల్లు ఆడినంత కాలం

ఒరే, మీరు అడిగారు కాబట్టి సెప్తన్నాను. మళ్లీ నా బట్టల కొట్టు కాడికొచ్చి జనం ముందు నవ్వకండి.

ఆ కారు మా మావది. పాతపట్నం సోములు మావ. మా అమ్మకి సొంత తమ్ముడు, నాకు పిల్లనిచ్చినోడు కూడాను. ఆయనకి బెమ్మసెవుడు. ఎదర టపాకాయ పేల్చినా "ఎవరో పిలుస్తన్నారు, సూడండి" అంటాడు. ఇంజన్ సప్పుడు వినపడని మనిషి కారెలా నడిపేడంటారా? డాష్‌బోర్డులో ఇంజన్ ఎంత జోరుగా తిరుగుతన్నాదో సూపించే ముల్లొకటి ఉంటాది కదా, దాన్ని సూసి. ముల్లు మూడు మీదకొస్తే గేరు మార్చడమే. జీవితమంతా అలాగే నడిపేడు, ఒక్క కుక్కని కూడా గుద్దలేదు.

కారు నాకిచ్చిన రోజున ఒకే మాటన్నాడు. "ఒరే హరీ, ఆ ముల్లే నా సెవి. అది ఆడినంత కాలం కారు నీది. ఆగిందో, కొత్తవలస మురళీమోహన్‌కి ఇచ్చేస్తాను."

మురళీమోహన్ నా తోడల్లుడు. వాడి సేతికెల్తే ఆ కారుకి గులాబీరంగు కర్టెన్లు కట్టి పెళ్లిళ్లకి తిప్పుతాడు. నాకు అన్నం సయించదు.

మరి అంత భయం ఉన్నోడివి ఊరుకోవచ్చు కదా అంటారు. ఊరుకుంటే నేను హరిబాబునెలా అవుతాను? మా ఆవిడ రాజకుమారి నాకు విప్పేశ్వర్రావని పేరెట్టింది. ఏది కనపడినా విప్పుతాను కదా, అందుకు.

"బావా, నడుస్తన్న కారుని ఎందుకు కెలుకుతావు?"

"మైలేజీ పెరుగుతాదే."

"మిక్సీకీ ఇలాగే అన్నావు. ఇప్పుడది తిరుగుతాది గానీ నలపదు."

ఆడదాని మాట విననని కాదు గానీ, అప్పటికే పార్సిల్ వచ్చేసింది. ఈసీయూ. అంటే ఇంజన్‌కి బుర్ర. ఎప్పుడు మండాలి, ఎంత తాగాలి, అన్నీ అదే సెప్తాది. కంపెనీది కాదు, బయట దొరికేది. వారం రోజులు వైర్లతో కుస్తీ పట్టి బిగించేను. ఒక్క తిప్పుకి కారు స్టార్టయ్యింది. ఆనందంతో ముల్లు వంక సూసేను.

ముల్లు పడుకునే ఉన్నాది.

సంగతేటంటే, ఆ పాత ముల్లు, ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే కాయిల్ కరెంటుతో గట్టిగా తంతే గానీ లేవదు. ఈ కొత్త బుర్ర మర్యాదస్తురాలు, సిన్నగా గోకి వదిలేస్తాది. ఆ గోకుడికి అదెక్కడ లేస్తాది? మా మావ మొండి పోలికే దానిది.

ఆదివారం పొద్దున్న రాజకుమారి కాఫీ గ్లాసు సేతికిస్తా అన్నాది కదా, "నాన్న మద్దేన్నం బస్సుకి వస్తన్నారు. కారు తనే నడుపుతారంట."

కాఫీ గ్లాసు అక్కడే ఎట్టేసేను.

గబగబా ఫోన్లో వీడియోలు సూసేను. ఒక సిన్న రిలే కొని, దాని లోపలి తీగసుట్టని మజ్జిలో కలిపితే ముల్లుకి తన్ను తగులుతాదంట. రిలే అంటే అగ్గిపెట్టంత ఉంటాది, టక్కుమంటాది. ఆదివారం మా చీపురుపల్లిలో ఎవడమ్ముతాడు? ఇల్లంతా కలియజూసేను. ఫ్రిజ్ పక్కన స్టెబిలైజర్ కనపడింది. అందులో రిలేలు మూడున్నాయి. ఒకటి తీస్తే ఏటవుతాదిలే అనుకున్నాను. డబ్బా ఎప్పట్లాగే మూసేసి కారు సెడ్డులోకి పోయేను.

రిలే కలిపి, లేప్‌టాప్‌లో సెట్టింగ్ ఒకటడిగితే నింపేను. ఇంజన్ ఒక సుట్టు తిరిగితే ముల్లుకెన్ని దెబ్బలు? నాలుగు సిలిండర్లు కదా, నాలుగు కొట్టేను. స్టార్ట్ సేస్తే ముల్లు సటుక్కున లేచింది! నేను కారులోనే డాన్సాడేను.

మావ దిగేడు, భోంచేసేడు, తాళాలు సెయ్యి సాపి అడిగేడు. నేను పక్క సీట్లో కూకున్నాను. ఇంతలో రాజకుమారి పెద్ద తపేలా పట్టుకుని వెనక ఎక్కింది.

"ఇదేటే?"

"ఇడ్లీ పిండి. ఫ్రిజ్ సచ్చింది, పొంగిపోతన్నాది. స్టేషన్ కాడ గురమ్మ పిన్ని ఫ్రిజ్‌లో ఎట్టేద్దాం."

నేను పీకిన రిలే గుర్తొచ్చి, కిటికీ వంక తిరిగిపోయేను.

కారు కదిలింది. మావ కళ్లు ముల్లు మీదే. అది మూడు మీదకి రాగానే గేరు మార్చేడు. కారు గిజగిజలాడింది. మళ్లీ మార్చేడు. కారు ఎక్కిళ్లు ఎట్టింది. అప్పుడు వెలిగింది నాకు. ఒక సుట్టుకి నాలుగు సిలిండర్లలో మండేవి రెండే! ముల్లు ఉన్నదానికి రెట్టింపు సూపిస్తన్నాది, మావ సగం జోరుకే గేరు మార్చేస్తన్నాడు.

"ఏట్రా ఇది, ముల్లు ఎగురుతన్నాది, ఇంజన్ ఏడుస్తన్నాది! సెవికి వినపడదు గానీ నడుముకి తెలుస్తాదిరా!"

స్టేషన్ ఎదర ఎత్తులో టాప్ గేరేసేడు. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. తపేలా ఆగలేదు. పిండి నా నెత్తి మీద నుంచి సొక్కాలోకి సల్లగా దిగింది. ఆటోవోళ్లు దిగొచ్చి మరీ సూసేరు.

మావ మళ్లీ స్టార్ట్ సేసేడు. రాజకుమారి సెయ్యెత్తింది. "ఉండండుండండి. ఏటా సప్పుడు?"

డాష్‌బోర్డు కింద నుంచి టకటకటకటక.

"బావా, ఇది మన స్టెబిలైజర్ కదూ?"

"ఛ, దీన్లోకి అదెలా వస్తాదే?"

"రోజూ వంటింట్లో వింటన్న టక్కు నాకు తెలీదేటి?" దిగొచ్చి నా వైపు తలుపు తీసి, వంగి, కింద సెయ్యెట్టి, రిలేని వైర్లు ఊడకుండా పైకి లాగింది. దాని మీద వంటింటి నూనె జిడ్డు ఇంకా అలాగే ఉన్నాది.

ఇంక దాచేదేటున్నాది? మావ సెవిలో కేకేసి అంతా ఒప్పుకున్నాను. ఆఖర్న సేతులు జోడించి, "మావా, ఏదేమైనా ముల్లు ఆడతన్నాది కదా! మాటంటే మాటే కదా!" అన్నాను.

మావ నా నెత్తి మీద పిండి వేలితో తీసి రుచి సూసేడు. "పులిసిపోయింది" అన్నాడు.

"ఆడతన్నాది. ఒప్పుకున్నాను. ఎవరి సామానుతో ఆడతన్నాది?"

"...రాజీ ఫ్రిజ్‌దే మావా."

"అయితే కారు రాజీది."

తాళాలు రాజీ సేతికిచ్చేసేడు. మురళీమోహన్‌కి పోలేదని సంతోషించాలో, ఏడవాలో తెలీలేదు. ఆ సాయంత్రమే నాలుగుని రెండు సేసేను. ముల్లు ఇప్పుడు నిజమే సెప్తన్నాది. నెల తిరక్కుండా రాజకుమారి డ్రైవింగూ నేర్చేసుకున్నాది.

ఒక రోజున మెల్లగా అన్నాను, "రాజీ, కొత్త స్టెబిలైజర్ కొనేస్తానే. పాపం, రోజూ గురమ్మ పిన్నింటికి పిండి మొయ్యడం..."

"వద్దు బావా. కొత్తది కొన్నాక, 'నీ రిలేకి బదులిచ్చేసేను, కారు నాది' అంటావు. నీ సంగతి నాకు తెలీదేటి?"

నేను అదే అందామనుకున్నాను. నిజంగా అదే.

అందుకే రోజూ పొద్దున్నే మీకు అలా కనపడతన్నాను. ముందు కూకుంటే ముల్లు వంక సూసి సేతులు దురదెడతాయని, నన్ను వెనక సీట్లో కూకోబెట్టి, ఒళ్లో తపేలా ఎడతాది. గట్టిగా పట్టుకుంటన్నాను. ఆవిడ గేరు మార్చినప్పుడు ఒక్క సుక్క ఒలకదు, అదే నాకు మండుతాది.