నెయ్యి రాసిన బోల్టులు

ఆ రోజు లక్ష్మీపతి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున ఆరింటికి గృహప్రవేశం, ఎనిమిదింటికి హోమకుండం విప్పడం, పదింటికి దాన్ని లింగమూర్తికి అప్పగించడం. అంతే. ఇకముందు లక్ష్మీపతిని నేను ఎంత వెక్కిరించినా ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. అతనూ నేనూ ఒకే చొక్కా తొడుక్కుంటాం, ఒకే పేరుతో సంతకం పెడతాం. జరిగిందాన్ని "నేను" అని చెప్పుకునే ధైర్యం లేక అతని మీదకు నెట్టేస్తున్నానంతే.

లక్ష్మీపతి గుజరాత్‌లో, ఇచ్ఛాపూర్‌లోని ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరు. నెలకోసారి ఫిట్టర్లకు పాఠం కూడా చెబుతాడు. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుకు అదే స్టీలు నట్టు బిగిస్తే రెండూ ఒరుసుకుని పట్టేస్తాయి. వేడి తగిలే చోటైతే మరీను. కాబట్టి మరలకు వేడిని తట్టుకునే నికెల్ పేస్టు రాయాలి, చేత్తో నిదానంగా బిగించాలి, తిరగనంటే బలవంతం చేయకూడదు. ఆరేళ్ళుగా ఈ మూడు ముక్కలూ చెప్పి చెప్పి తాను మేధావినని నమ్మడం మొదలుపెట్టాడు.

2006లో ఆల్థాన్‌లో మూడో అంతస్తు ఫ్లాటు కొన్నాడు. హోమం పొగకు కొత్త సీలింగు నల్లబడితే ఊరుకోనని భార్య సీత ముందే చెప్పింది. దాంతో అతనిలోని ఇంజనీరుకు పూనకం వచ్చింది. కాళ్ళున్న స్టీలు హోమకుండం, దానికి నాలుగు స్తంభాలు, పైన పొగను పట్టే గూడు, అక్కణ్ణుంచి కిటికీ బయటికి గొట్టం తయారు చేయించాడు. పదహారు బోల్టులు విప్పితే మొత్తం సంచిలో పట్టేస్తుంది.

అతని దగ్గర పనిచేసే ఫిట్టరు లింగమూర్తి అది చూసి పొంగిపోయాడు. గృహప్రవేశం రోజే మధ్యాహ్నం పన్నెండు పదికి రింగ్ రోడ్‌లోని ఒక హాల్లో అతని కూతురు సంతోషి పెళ్ళి. నేల మీద నిప్పు పెడితే టైల్స్ పోతాయనీ, లోపల పొగ రాకూడదనీ హాలు యజమాని పట్టుబట్టాడు.

"జర మీ కుండం ఇయ్యిండ్రి సార్. నా బిడ్డ పెండ్లి గట్టెక్కుతది" అన్నాడు లింగమూర్తి.

"పదింటికొచ్చి తీసుకెళ్ళు. పూచీ నాది" అన్నాడు లక్ష్మీపతి.

తెల్లవారుజామున కుండం బిగించబోతుంటే అత్తగారు స్వరాజ్యం పేస్టు డబ్బా చూసింది.

"ఏంటి బాబూ ఆ నల్ల జిడ్డు?"

"పేస్టు అత్తయ్యగారూ. రాయకపోతే బోల్టులు పట్టేస్తాయి."

"హోమకుండానికి గ్రీజు పూస్తారా! అందులో ఏం కొవ్వు కలిసిందో ఏమో. జిడ్డే కావాలంటే ఇంట్లో ఆవునెయ్యి లేదూ?"

అత్తగారి ముందు ఆరేళ్ళ పాఠం ఆరు క్షణాలు కూడా నిలబడలేదు. పదహారు బోల్టులకూ భక్తిగా ఆవునెయ్యి రాశాడు. టైము లేదని కరెంటు మిషను పెట్టి టర్రుమని బిగించేశాడు కూడా.

హోమం బ్రహ్మాండంగా జరిగింది. పొగ బుద్ధిగా కిటికీలోంచి పోయింది. ఎనిమిదింటికి లక్ష్మీపతి స్పానరు వేసి తిప్పితే ఒక్క బోల్టూ కదల్లేదు. నెయ్యి మాడి బొగ్గయింది, స్టీలును స్టీలు పట్టేసింది. స్పానరుకు పైపు తొడిగి వేలాడాడు. బోల్టు తల ఒకటి తెగి ఉప్మా గిన్నెలో పడింది.

"విప్పకుండా అలాగే పట్టుకెళ్ళమనండి" అంది సీత.

గూడు నాలుగడుగులు, గుమ్మం మూడడుగులు. రెండు కొలతలూ తీసింది లక్ష్మీపతే.

ఇక వేడి చేస్తే వదులవుతాయేమోనని కుండంలో మళ్ళీ మంట పెట్టాడు. టిఫిను తింటున్న పంతులుగారు మంట చూసి, ఇంకేదో హోమం ఉందనుకుని చెయ్యి కడుక్కొచ్చి మంత్రం అందుకున్నారు. మంత్రం విని, వెళ్ళిపోతున్న చుట్టాలు చెప్పులు విడిచి మళ్ళీ కూర్చున్నారు. వాళ్ళను చూసి ఎదురింట్లో అందరూ బా అని పిలిచే గుజరాతీ ముసలావిడ నెయ్యి గిన్నెతో వచ్చింది. ఆవిడ వెనకాల బిల్డింగంతా తలో గిన్నెతో వచ్చింది. అందరూ "స్వాహా" అంటూ పోస్తుంటే మంట గూడు దాకా లేచింది, బోల్టులు ఇంకా బిగిశాయి. లక్ష్మీపతి చేతిలో స్పానరు చూసి, అదీ పూజాద్రవ్యమే అనుకుని బా దానికి కుంకుమ పెట్టింది.

సరిగ్గా పదింటికి లింగమూర్తి టెంపోతో దిగాడు.

"ఏంది సార్ గిది? ఇంకా ఇప్పలే?"

"పట్టేశాయి లింగమూర్తీ."

"పేస్టు రాసిన్రు గద?"

"నెయ్యి రాశాను."

లింగమూర్తి అతన్ని ఎగాదిగా చూశాడు. "మీరే గద సార్ పాఠం చెప్పేది!" అన్నాడు. తర్వాత గొంతు తగ్గిపోయింది. "నా బిడ్డ ఆడ పెండ్లిపిల్లయి కూసున్నది. ఇప్పుడు ఎట్ల సార్?"

లక్ష్మీపతికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. తన గొప్ప కోసం ఒక పిల్ల ముహూర్తాన్ని పదహారు బోల్టులకు వేలాడదీశాడు. "తప్పు నాదే. స్తంభాలు కోసేద్దాం" అన్నాడు.

"కోస్తే గూడేడ నిలుస్తది? గూడు లేకుంటే ఆ హాలు సేటు లోపలికి రానియ్యడు" అన్నాడు లింగమూర్తి. అని, ఒకసారి గదంతా చూశాడు. నిప్పు సిద్ధంగా ఉంది. పంతులుగారు ఊపులో ఉన్నారు. జనం కూర్చునే ఉన్నారు. కింద పార్కింగులో గృహప్రవేశం వంట ఉడుకుతోంది. అతను జేబులోంచి ఫోను తీశాడు.

"అరే, కుండం వస్తలేదు. పిల్లను, పిల్లగాన్ని, అందరినీ ఆల్థాన్ తోలుకరాండ్రి. హాల్ల వండిన బగార అన్నం గిన్నెలు సుత టెంపోల ఎక్కియ్యిండ్రి."

లిఫ్టు ఇంకా పెట్టలేదు కాబట్టి సంతోషి పట్టుచీరలో మూడంతస్తులు ఎక్కి వచ్చింది. పన్నెండు పదికి ఆ కుండం ముందే తాళి కట్టించుకుంది, దాని చుట్టూ తిరిగింది. ఒక్కరి కంట్లోనూ పొగ పోలేదు. లింగమూర్తి కళ్ళు మాత్రం తడిశాయి. లక్ష్మీపతి కళ్ళు తుడుచుకుంటే స్పానరు కుంకుమ మొహమంతా అంటింది.

"నేను నెయ్యి రాయమనబట్టే కదా, కొత్తింట్లో పెళ్ళి కూడా జరిగింది" అని స్వరాజ్యం అందరికీ చెప్పింది.

సోమవారం పాఠం రోజు. కుండం ఇంకా కొత్తింటి హాలు మధ్యలోనే ఉంది. సీత దాని చుట్టూ ప్రదక్షిణం చేసే వంటింట్లోకి వెళ్తోంది. లక్ష్మీపతి బోర్డు మీద మూడు ముక్కలూ రాసి, అలవాటు కొద్దీ "సందేహాలుంటే అడగండి" అనేశాడు.

ముందు వరసలో లడ్డూల డబ్బా పట్టుకుని కూర్చున్న లింగమూర్తి లేచాడు.

"పేస్టు దొరకకుంటే నెయ్యి రాయొచ్చా సార్?"

"రాయొచ్చు" అన్నాడు లక్ష్మీపతి. "మళ్ళీ ఎప్పుడూ విడదీయక్కర్లేని వాటికి."